ఇద్దరిద్దరి కాపలా

పెనుకొండలో ఒక గుమాస్తా మా తమ్ముడి చావు కాగితం నా ముందుకు తోసి, "పిరికోళ్ళను మిలిట్రీకి ఎందుకు పంపుతారప్పా" అన్నాడు. చైనా యుద్ధానికి ఇంకా రెండేళ్ళుంది. తిరగబడ్డ ఊళ్ళను సైన్యం పట్టి ఉంచిన ఈశాన్య సరిహద్దు కొండల్లో, కాపలా పనిలో ఉండగా మావాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. గుమాస్తా మాట మింగుడు పడక ధర్మవరం స్టేషన్లో కూర్చున్నాను.

పక్కన ఒక సిపాయి, సెలవు ముగించుకొని అవే కొండలకు పోతున్నాడు. తమ్ముడి చావు కాగితం అతనికి చూపించాను. "యుద్ధమే లేదు గదప్పా, మావాడు దేనికి భయపడినట్టు?" అని అడిగాను.

"భయం కాదన్నా. దినామూ పొద్దున్నే ఊరినంతా బయటికి పిలిచి, నిలబెట్టి తలలు లెక్కపెట్టల్ల. మా అవ్వంత ముసలామె కూడా వానలో నిలబడుకోని ఉంటాది. ఇప్పుడు కాపలాకు మమ్మల్ని ఇద్దరిద్దర్ని ఏస్తాండారు. ఊరోళ్ళకు జడిసి కాదు. ఒకనికి ఇంకొకడు కాపలా."

ఈ మాటే కాగితం మీద రాసిమ్మన్నాను. అతడు తల అడ్డంగా ఊపి, "మీ తమ్ముడు జాబు రాసినాడా?" అన్నాడు.

"రాసినాడు. ఈడ ఉండలేను, వచ్చేస్తానని."

"మీరేం రాస్తిరి?"

ఊళ్ళో తలెత్తుకోలేము, రావద్దని రాసింది నేనే. చావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రైలొచ్చింది. అతడు తన ట్రంకుపెట్టె లోపల పెట్టి, గార్డు ఈల వేసేదాకా తలుపు దగ్గర నిలబడి నా జవాబు కోసం చూశాడు.

అలా చూసినందుకు నేనతన్ని ఇప్పటికీ క్షమించలేదు.