రాని ఓడల కోసం కాల్చిన రొట్టెలు

నా చిన్నప్పుడు మేం సౌదీలోని జుబైల్‌లో ఉండేవాళ్ళం. అప్పటికి ఆ ఊరిని ఇంకా కడుతూనే ఉన్నారు. మా ఇంటి ముందు కొత్త రోడ్డు ఉండేది, దాని పక్కన చెట్టన్నది ఉండేది కాదు. మా నాన్న సముద్రంలో చమురు బావుల దగ్గరికి సామాన్లు చేరవేసే చిన్న పడవలో ఇంజను చూసేవాడు. వెళ్తే వారానికో పది రోజులకో వచ్చేవాడు. ఆ ఏడు మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, కాకినాడ నుంచి వచ్చి కొన్ని నెలలు మాతో ఉన్నాడు.

తాతయ్య ఓడల మీద వంటవాడిగా బతికిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్ళ సరుకు ఓడలో పనిచేశాడని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. ఎవరైనా అడిగితే, "ఏముంది, చలి" అని ఊరుకునేవాడు. ఉల్లిపాయలు తరగడం మొదలుపెడితే మాత్రం అమ్మ కూడా పక్కకు తప్పుకునేది.

అప్పట్లో ఇరాన్, ఇరాక్ మధ్య యుద్ధం జరుగుతోంది. అది నేల మీద సరిపోక సముద్రం మీదికీ వచ్చింది. గల్ఫ్‌లో వెళ్ళే ఓడల మీద దాడులు జరుగుతున్నాయని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పిల్లలు దగ్గరికి వస్తే రేడియో తగ్గించేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఒకసారి నాన్న రావలసిన రోజు వచ్చి వెళ్ళిపోయింది, నాన్న రాలేదు.

మొదటి రోజు అమ్మ మామూలుగానే వండింది. రెండో రోజు పొయ్యి వెలిగించలేదు. పక్క వీధిలోని బకాలా కొట్టు నుంచి రొట్టెలూ పెరుగూ తెప్పించి నాకూ తాతయ్యకూ పెట్టింది. తను మాత్రం ముట్టుకోలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. బయట షమాల్ గాలి, ఇసుక. రోడ్డు కూడా సరిగా కనిపించడం లేదు. ఆమె దేన్ని చూస్తోందో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున తాతయ్య నన్ను వెంటబెట్టుకుని రేవు గేటు దగ్గరికి నడిచి వెళ్ళాడు. కాపలా ఉన్న పాకిస్తానీ ఆయనతో తాతయ్య ఓడల మీద నేర్చుకున్న హిందీలో మాట్లాడాడు. ఆయన లోపలికి వెళ్ళి, ఎవరినో అడిగి, తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు. "కోయీ ఖబర్ నహీ, చాచా" అన్నాడు. వార్త ఏదీ లేదని నాకూ అర్థమైంది. తాతయ్య ఆయనకు సలాం చెప్పి, నా చేయి పట్టుకుని వెనక్కి తిరిగాడు. దారంతా తల వంచుకునే నడిచాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే మాత్రం ఆయన గొంతు మారిపోయింది.

"అమ్మాయ్, లే లే. సాయంత్రానికి పడవ వచ్చేస్తుందంట. ఆ పడవలో వంటోడికి జ్వరమంట, రెండ్రోజుల నుంచి ఒక్కడూ సరిగ్గా తిన్లేదంట. అందరూ మనింటికే వస్తున్నారు. పెద్ద గిన్నె తియ్యి!"

అమ్మ కుర్చీలోంచి ఆయన వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. కొంచెంసేపటికి అమ్మ లేచింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. కోడి మాంసానికీ ఉల్లిపాయలకీ తాతయ్య నన్ను తీసుకుని మళ్ళీ బయటికి వచ్చాడు.

కొట్టు దాటి కొంచెం ముందుకు వెళ్తే సముద్రం ఒడ్డున చిన్న గోడ ఉండేది. నేను అక్కడ ఆగిపోయాను. అబద్ధం చెబితే కళ్ళు పోతాయని నాకు నేర్పింది ఆయనే. ఆ మాట ఆయనతో అన్నాను. సాయంత్రం ఎవరూ రాకపోతే అమ్మ ఏమైపోతుందని అడిగాను. తాతయ్య గాలికి వీపు పెట్టి గోడ మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. యుద్ధం గురించి ఆయన నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి.

స్కాట్లాండ్ దేశంలో పైకొసకు, పడమటి ఒడ్డున, సముద్రం కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన పాయ ఒకటి ఉందట. అలాంటి పాయల్ని అక్కడివాళ్ళు లాఖ్ అంటారు. ముఖం సన్నం, లోపల వెడల్పు, నీళ్ళు లోతు. చుట్టూ బోడి కొండలు, అక్కడొకటి ఇక్కడొకటి రాతి ఇళ్ళు. కాసిని గొర్రెలు, కాసిని బంగాళాదుంపలు, చేపలు, అదీ అక్కడివాళ్ళ బతుకు. యుద్ధం రాగానే నౌకాదళం వచ్చి ఆ పాయ ముఖానికి అడ్డంగా ఇనుప వల కట్టింది, శత్రువుల జలాంతర్గాములు దూరకుండా. ఆ వలకు ఒక తలుపు. ఆ తలుపును తియ్యడానికీ వెయ్యడానికీ ఒక ఓడ. కొండకొన మీద ఫిరంగులు. రష్యాకు సరుకు తీసుకుపోవలసిన ఓడలన్నీ ఆ వల లోపల చేరి గుంపు కట్టేవి. తాతయ్య ఓడ వాటితో వెళ్ళేది కాదు. ఆ పాయలోనే ఉండి, వచ్చిన ఓడలకు బొగ్గూ మంచినీళ్ళూ అందించేది.

ఆ చుట్టుపక్కల అంతా కట్టుదిట్టం చేశారట. పుట్టి పెరిగిన ఊళ్ళోకి వెళ్ళాలన్నా కాగితం చూపించాలి. ఒక ముసలాయన తన గొర్రెల్ని తోలుకొస్తుంటే ఎక్కడినుంచో వచ్చిన కుర్ర సిపాయి ఆపి, నీ పాస్ ఏదని అడిగేవాడట. ఇక్కడ చెక్‌పోస్టు దగ్గర నాన్న తన ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, చూపించడం ఎన్నోసార్లు చూశాను కాబట్టి నాకు వెంటనే అనుమానం వచ్చింది.

"గొర్రెలకి కూడా ఇకామా ఉండాలా తాతయ్యా?"

"గొర్రెలకెందుకే? వాటికి కఫీల్ ఆ ముసలాయనే కదా!"

కఫీల్ అంటే ఇక్కడ మనకు పూచీగా ఉండే యజమాని. అంత దిగుల్లోనూ నాకు నవ్వు వచ్చింది. తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు.

ఓడలు ఎప్పుడు వెళ్తాయో, ఎప్పుడు వస్తాయో ఊళ్ళో ఎవరికీ చెప్పరు. పొద్దున లేచి చూస్తే నీళ్ళు ఖాళీగా ఉండేవి. మళ్ళీ ఏ రోజో వల తలుపు తెరుచుకునేది. వెళ్ళినన్ని తిరిగి వచ్చేవి కావు. రేవు పక్కన ఒక ఆడమనిషి ఇల్లు ఉండేది. ఓడలు వచ్చే రోజులని తనకు తోచినప్పుడల్లా ఆమె ఓట్స్ పిండితో పెనం మీద రొట్టెలు కాల్చేది. ఒక ఇంటికి చాలే రొట్టెలు కావు, బుట్టలకు బుట్టలు. ఓడలు వస్తే వచ్చినవాళ్ళకు. రాకపోతే కొండ మీద ఫిరంగి దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్ళకూ, తాతయ్య ఉన్న బొగ్గు ఓడలోని మనవాళ్ళకూ. అలా తాతయ్య ఎన్నోసార్లు ఆ రొట్టె తిన్నాడు. "ఉప్పు తక్కువ. వేడిగా మాత్రం ఉండేది" అన్నాడు. ఆ వేడి రొట్టె తన చేతికి వచ్చిందంటే ఆ రోజు ఎవరో రాలేదని అర్థమట. ఆ సంగతి తెలిసి కూడా తినేవాడట. తినకపోతే ఆమె ఊరుకునేది కాదు.

ఆమె కొడుకు కూడా ఓడల మీదే వెళ్ళాడని తాతయ్య అన్నాడు. వచ్చాడా అని అడిగాను.

"లేదమ్మా. అంతకు ముందు చలికాలమే పోయాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసే కాల్చేది."

నేను ఏడుపు మొదలుపెట్టాను. మీ నాన్న తప్పకుండా వస్తాడని ఆయన అనలేదు. ఆ తర్వాత నా జీవితంలో చాలామంది నాకు అలాంటి హామీలు ఇచ్చారు. ఆ రోజు తాతయ్య ఇవ్వలేదు. చొక్కా అంచుతో నా ముక్కు తుడిచి, "పద, మీ అమ్మ ఉల్లిపాయల కోసం చూస్తా ఉంటుంది. ఏదన్నా పొయ్యి మీదకెక్కి వాసనొస్తే తనే రుచి చూస్తుంది. రుచి చూస్తే రెండు మెతుకులు లోపలికెళ్తాయి" అన్నాడు. ఆయన చేసిన మోసమంతా ఆ రెండు మెతుకుల కోసమని నాకు అప్పుడు తెలిసింది.

ఆయన అన్నట్టే జరిగింది. అమ్మ వండింది. కోడికూర, పప్పుచారు, పెద్ద గిన్నెడు అన్నం. ఉప్పు చూడడానికి అరచేతిలో వేసుకుని నాకింది. ఇంకోసారి నాకింది. నేను గుమ్మంలో నిలబడి ఆమె గొంతు కదలడం చూశాను.

పొద్దు వాలింది. మగ్రిబ్ అజాన్ అయింది. అమ్మ గిన్నెల మీద మూతలు సర్దుతూ, "నాన్నా, చల్లారిపోతున్నాయి" అంది. తాతయ్య చొక్కా వేసుకుని, చూసొస్తానని బయటికి వెళ్ళాడు. కాసేపటికి వీధి మలుపులో మనుషుల గొంతులు వినిపించాయి. అమ్మ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

వచ్చింది పడవవాళ్ళు కాదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా వీధి చివర క్యాంపులో ఉండే వెల్డర్లు. సాయంత్రం నడకల్లో తాతయ్యకు స్నేహితులయ్యారు. స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. అమ్మ వాళ్ళ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. తాతయ్య వైపు చూసింది. ఆయన తల దించుకోలేదు.

ఆ క్షణంలో అమ్మ తలుపు వేసేసి ఉంటే ఏమై ఉండేదో నాకు తెలియదు. అమ్మ పక్కకు జరిగి, "రండి, కూర్చోండి" అంది.

వాకిట్లో ప్లాస్టిక్ పట్టా పరిచి అందరూ కూర్చున్నారు. కాసేపు తినడమే.

"అక్కా, పప్పుచారు మస్తుగుంది. మా క్యాంపుల వంటాయన పప్పు జేస్తే గోడలకు సున్నం లెక్క పుయ్యొచ్చు" అన్నాడు ఒకతను.

"పుయ్యలేదారా నువ్వు మొన్న? కిటికీ సందుల పెట్టినవ్ గదా, గాలి రాకుంట" అన్నాడు పక్కవాడు.

నవ్వుల మధ్యలో ఎవరో, బావ కనబడ్తలేడేంది అని అడిగారు. తాతయ్య, పడవ ఇంకా రాలేదని చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. వాళ్ళలో పెద్దవాడు చేయి కంచంలో అలాగే ఉంచి అమ్మ వైపు చూశాడు. గాలి తగ్గేదాకా పడవలను యాడనో ఆపి ఉంటరు అన్నాడు. ఆ వెంటనే "ఇంకింత అన్నం ఎయ్యి అక్కా" అని కంచం ముందుకు జరిపాడు. అమ్మ వంగి అన్నం వడ్డించింది. ఆ మనిషికి నిజంగా ఆకలి ఉందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. వేసినదంతా తిన్నాడు.

వాళ్ళు వెళ్ళాక గిన్నె అడుగున మిగిలిన అన్నంలో పప్పుచారు పోసుకుని అమ్మ తింది. ఆ రాత్రి పడుకుంది కూడా.

మర్నాడు మధ్యాహ్నం నాన్న వచ్చాడు. కనుబొమల మీద ఇసుక, చేతుల నిండా గ్రీజు. గాలికి ఒక చిన్న దీవి చాటున ఆగిపోయారట. రేడియో పాడైందట. దాడి కాదు, ఏమీ కాదు. నాన్న చెప్పులు విడుస్తూనే తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.

"ఏమీ లేదు. నిన్న మీ పేరు చెప్పుకుని వీధంతా తినేశారు" అంది అమ్మ. అంటూనే నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ గుడ్లు కొట్టి అట్టు వేసింది.

చాలా ఏళ్ళకు, తాతయ్య పోయాక, ఆయన చెప్పిన పాయ గురించి దొరికినంత చదివాను. దాని పేరు లాఖ్ యూ. వల సంగతీ, పాసుల సంగతీ, రష్యాకు వెళ్ళిన ఓడల సంగతీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. ఫిరంగులు పెట్టిన కాంక్రీటు దిమ్మెలు ఆ కొండకొన మీద ఇప్పటికీ ఉన్నాయట, తిరిగి రాని నావికుల కోసం ఒక రాయి కూడా నిలబెట్టారట. రొట్టెల మనిషి గురించి నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. ఆమె ఉందనే నేను నమ్ముతాను. ఉప్పు తక్కువని ఎవరూ కల్పించి చెప్పరు.

అప్పుడే ఒకసారి అమ్మతో ఆ రోజు సంగతి ఎత్తాను. తాతయ్య చెప్పింది అబద్ధమని నాకు ముందే తెలుసు అన్నాను.

"నాకూ తెలుసే" అంది అమ్మ. "ఆ పడవలో వంటోడెవడున్నాడు? మీ నాన్నావాళ్ళే వంతులేసుకుని వండుకునేవాళ్ళు. పెద్ద ఓడల్లో తిరిగిన మనిషి కదా, ప్రతి పడవకీ వంటోడుంటాడనుకున్నాడు."

"మరి ఎందుకు వండావు?"

"అప్పటికే బియ్యం కడిగేశాను" అంది.

అబద్ధం మంచిదని నేను ఎవరికీ చెప్పను. తాతయ్య దగ్గర నేను తీసుకున్నది అబద్ధాన్ని కాదు. ఎదురుచూడడం ఎలాగో నేర్చుకున్నాను. కబురు మన చేతిలో ఉండదు. అది వచ్చేలోపు ఉన్న పూటలు మాత్రం మన చేతిలోనే ఉంటాయి, ఆ పూటల్లో ఆకలితో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

పెళ్ళయ్యాక నేను అల్ ఖోబర్ వచ్చాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. కిందటేడు మా ఆయనను ఇక్కడి ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. లోపలికి రోజూ కాసేపే పంపేవాళ్ళు. మిగతా రోజంతా ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పొద్దున్నే లేచి వండేదాన్ని. వరండాలో నాలాగే కూర్చున్న కేరళ అమ్మాయికి, నన్ను తీసుకెళ్ళే కడప డ్రైవరుకు, అన్నను చూడడానికి తబూక్ నుంచి వచ్చి గది దొరకని కుర్రవాడికి తీసుకెళ్ళేదాన్ని. ఆ కుర్రవాడు పెరుగన్నం తింటూ వాళ్ళ ఊరి గురించి చెబుతుంటే నేను కూడా తినేదాన్ని. డాక్టర్లు చెప్పింది వినడానికి నాకు బలం ఉండేది. ఆయన పక్కన నిలబడి మాట్లాడడానికి గొంతు ఉండేది.

మా ఆయన తిరిగి రాలేదు. ఆ కుర్రవాడి అన్న లేచాడు. డిశ్చార్జి చేసిన రోజు ఆసుపత్రి నుంచి నేరుగా ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. చెప్పకుండా వచ్చామని నొచ్చుకున్నారు. కూర్చోమని ఇద్దరికీ కంచాలు పెట్టాను. అన్నం సరిపోయింది.