మూడో యంత్రంలో నా పేరు

మొన్న మధ్యాహ్నం మా అక్క కర్నూలు నుంచి ఫోన్ చేసి, బావ కంపెనీ పెట్టి పాతికేళ్లవుతోందని, ఆ సందర్భంగా ఒక పుస్తకం వేస్తున్నారని, అక్కడ పనిచేసిన పాతవాళ్లంతా తలా ఒక పేజీ రాస్తున్నారని చెప్పి, నన్నూ రాయమంది. "నాలుగు మంచి మాటలు రాయి పాపా, అయిపోయినేటివి తవ్వాకు. మీ బావ ఈ మధ్య చిన్నదానికీ శానా బాధపడతాండాడు" అంది. సరేనన్నాను. ఆ తర్వాత గంటసేపు మంచి మాటల కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. ఇది ఆ పుస్తకంలో వేయరని తెలిసే రాస్తున్నాను.

మా తరంలో కంప్యూటరు ఉద్యోగమంటే హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందే. అలాంటిది కర్నూల్లో, చెప్పుల షాపు మీది మేడలో, ఆరుగురితో సాఫ్ట్‌వేర్ చేస్తున్నామంటే నాతో చదివినవాళ్లు నవ్వేవాళ్లు. మేం రాసేది లైబ్రరీ, అంటే వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకోవడానికి ముందే తయారుచేసి ఉంచే పనిముట్ల సంచి. అందులో టైమరు నా వంతు. ఇంతసేపయ్యాక ఫలానా పని చెయ్యమంటే, లెక్కపెట్టుకుని ఆ వేళకు చేయించడం దాని పని. ఉద్యోగం ఇప్పించింది తానేనని మా బావ రోజుకొకసారైనా, అదీ నలుగురూ ఉన్నప్పుడు, గుర్తుచేసేవాడు. ఆఫీసులో అందరి పాస్‌వర్డ్లూ ఆయన డైరీ చివరి పేజీలో ఉండేవి. బయటివాళ్లు ఒకరిద్దరు నసిగారు గానీ, ఇంటి మనిషిని కదా, ఎక్కడ తప్పుగా అనుకుంటారోనని అందరికంటే ముందు నేనే రాసిచ్చాను. ఆ తెలివితక్కువతనానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మా లైబ్రరీ మూడు రకాల యంత్రాల మీద నడవాలి. మొదటి రెండింటికీ పేచీ లేదు. మూడోదానికి మాత్రం, టైమరు సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు కంపైల్ అయ్యేవే కావు. మనం రాసినదాన్ని యంత్రం తన భాషలోకి మార్చుకోవడమే కంపైల్ కావడమంటే. ఒక్క మాట అర్థం కాకపోయినా మొత్తం తిప్పికొడుతుంది. పరీక్షలు రాసినవాళ్లు కాలమంటే ఒకే అంకె అనుకుని, దీంట్లోంచి దాన్ని తీసేస్తే సరిపోతుందని రాసేశారు. మూడో యంత్రం కాలాన్ని సెకన్లు ఒక గదిలో, సెకనులో ముక్కలు ఇంకో గదిలో పెట్టుకునే రకం, కాబట్టి నేరుగా తీసివేయడానికి ఒప్పుకోదు. తెర నిండా ఎర్ర వరుసలు వచ్చేవి. ఒకటి సర్దితే ఇరవై పోయేవి, హమ్మయ్య అనుకునేలోగా కింద దాక్కున్నవి ముప్పై లేచేవి.

మా బావ పద్ధతి వేరు. ఏ పరీక్ష మొరాయిస్తే దాని నెత్తిన, ఈ యంత్రమైతే ఇది చదవొద్దు అని ఒక వరుస రాసేవాడు. యంత్రం ఆ ముక్కను దాటిపోయేది, తెర అంతా పచ్చగా అయ్యేది. అంతా పచ్చగా ఉన్న రోజు ఉగ్గాని, బజ్జీ తెప్పించి అందరికీ పెట్టేవాడు. ఉగ్గాని బాగుండేది, కాదనను. బొరుగుల వేడి తగ్గకముందే తినేసి, చేతులు తుడుచుకుని, పరీక్షలన్నీ నెగ్గాయని కొన్నవాళ్లకు ఉత్తరం పంపేవాళ్లం.

నాకు అది మింగుడుపడేది కాదు. మా నాయనకు నందికొట్కూరు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. బాగుచేసిన గడియారాన్ని ఆయన వెంటనే ఇచ్చేవాడు కాదు. ఒక రోజు వెల్లకిలా, ఒక రోజు బోర్లా, ఒక రోజు గోడకు వేలాడదీసి, మూడు తీర్లా సరిగ్గా నడిస్తేనే ఇచ్చేవాడు. పెళ్లికి పోవాలి, ఇప్పుడే కావాలని ఎవరెంత గొంతు చించుకున్నా వినేవాడు కాదు. ఆ మొండితనమే నాకూ వచ్చినట్టుంది. పదకొండు రోజులు కూర్చుని, ఒక్క పరీక్షనూ దాటవేయకుండా, మూడో యంత్రానికి అర్థమయ్యేలా అన్నీ సర్దాను. కంపైల్ అయింది. అయ్యాక పరీక్షలు మొట్టమొదటిసారి దాని మీద నిజంగా నడిచాయి, నడిస్తే ఒకటి ఓడిపోయింది.

ఓడిపోవడం పరీక్ష తప్పు కాదు, మా టైమరు తప్పు. మిగతా రెండింటిలో మొదలుపెట్టిన దగ్గర నుంచి క్షణాలు లెక్కపెట్టుకునేది. మూడోదాంట్లో మాత్రం లెక్కపెట్టడం మానేసి, గోడ గడియారం చూసినట్టు యంత్రంలోని తేదీ, టైము చూస్తూ కూర్చునేది. ఎవరైనా ఆ గడియారాన్ని పదేళ్లు వెనక్కి తిప్పితే, అది పదేళ్లు ఎదురుచూస్తుంది. పరుగున పోయి బావకు చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. "కంపైలు కాలేదు, అది చెయ్యమంటే కొత్త రోగం తగిలిచ్చినావు గదమ్మా. ఎల్లుండి కొన్నోళ్లకు ఇయ్యాల. నువ్వు నిఖాకు పో, నేను చూసుకుంటాలే" అన్నాడు.

నిఖా ఆయన సొంత చెల్లెలిదే, నందికొట్కూరులో. పని ఉందని ఆయన రాలేదు, మేమంతా మూడు రోజులు అక్కడే ఉన్నాం. తిరిగొచ్చేసరికి లైబ్రరీ పంపేశారు, ఉగ్గాని కూడా తినేశారు.

దాన్ని కొన్నవాళ్లు బోరు మోటార్లకు స్టార్టరు పెట్టెలు చేసేవాళ్లు. వాళ్ల పెట్టెలో ఉన్నది మూడో రకం యంత్రం. మన సీమలో కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పెట్టెలో గడియారం ఎప్పటిదో పాత తేదీకి పడిపోయేది, మోటారును ఆపాల్సిన టైమరు ఆ పాత తేదీ నుంచి మళ్లీ వేళ ఎప్పుడవుతుందా అని చూస్తూ ఉండిపోయేది. బోర్లలో నీళ్లు అయిపోయినా మోటార్లు తిరిగి తిరిగి కాలిపోయాయి. కోయిలకుంట్ల దగ్గరి రైతు ఒకాయన, పెట్టె అమ్మినవాళ్లను అడిగి మా చిరునామా తెలుసుకుని, మేడెక్కి వచ్చి, నల్లగా కాలిన తీగచుట్ట నా బల్ల మీద పెట్టాడు. "నిలబెట్టేది మీ పనంట గదమ్మా. ఏల నిలబెట్టలేదు? పైరంతా ఎండిపోతాండాది" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బావ ఆయన ఎదుటే, ఆఫీసు మొత్తం వింటుండగా, కోడు చరిత్ర తెరిచాడు, అంటే ఏ వరుస ఎవరి పాస్‌వర్డుతో ఎప్పుడు రాశారో చూపే చిట్టా. ఓడిపోయిన ఆ పరీక్ష నెత్తిన, ఈ యంత్రంలో ఈ పరీక్ష అవసరం లేదు అన్న వరుస ఉంది. పక్కన నా పేరు, తేదీ. ఆ తేదీన నేను నందికొట్కూరులో పెళ్లికూతురి పక్కన కూర్చుని ఉన్నాను. ఆ రోజుల్లో మేడ ఎక్కితే తప్ప ఆ కోడు ముట్టుకునే దారే లేదు. అదే చెప్పాను. బావ తొణకలేదు. "కంప్యూటరులో గడియారం తప్పుండాదేమోలే" అన్నాడు. టైమర్లు చేసి అమ్మే మనిషి అన్న మాట అది.

అక్క దగ్గరికి పోయి ఏడిస్తే, ఇంటి గుట్టు వీధిలో పెట్టవద్దంది. మా నాయన మాత్రం కంటి దగ్గర అద్దం తీయకుండానే, "మూడు తీర్లా పెట్టి చూసినావా?" అని అడిగాడు. చూశానన్నాను. తల ఊపి పనిలో పడ్డాడు. చనిపోయేదాకా మళ్లీ అల్లుడి గడప తొక్కలేదు. నేను ఉద్యోగం మానేసి బెంగళూరు పోయాను.

ఇప్పుడు కాలం మారింది. ఒక వరుస రాసి పంపితే, ఎక్కడో ఉన్న ఇరవై రకాల యంత్రాలు టీ తాగేలోపు దాన్ని చదివి చెప్పేస్తాయి. నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు పాస్‌వర్డు అడిగితే కన్నతండ్రికైనా ఇవ్వరు, వాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్లు కూడా. మా నాయన కొట్టులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. చేతి గడియారం మూడు రోజులు వదిలిపెట్టి వెళ్లే ఓపిక ఎవరికీ లేదు.

బావ ఆ లైబ్రరీని చాలా ఏళ్ల కిందటే అందరూ చూసేలా ఇంటర్నెట్లో పెట్టేశాడు. అక్క ఫోన్ చేశాక తెరిచి చూశాను. ఆ వరుస అలాగే ఉంది, పక్కన నా పేరూ అలాగే ఉంది. అదే తేదీ వేసిన నిఖా ఫోటో అక్క వాళ్ల హాల్లో, టీవీ పైన, అద్దం కట్టించి ఉంది. అందులో పెళ్లికూతురి పక్కన నేను, నా భుజం మీద చెయ్యి వేసి అక్క. బావ లేడు. ఇన్నేళ్లుగా అక్క దాన్ని రోజూ తుడుస్తోంది.

ఈ పేజీ ఆమెకే పంపుతున్నాను. ఆయన నా పేరు మీద ఒక్క వాక్యం రాశాడు, ఎక్కడెక్కడి వాళ్లో ఇంకా చదువుతున్నారు. ఇది మాత్రం నేను రాసింది, కింద సంతకం కూడా నాదే.