నాలుగో గంగ

వంట తిమ్మమ్మకు చదువు రాదు గానీ, బడిలో ఎంతమంది పిల్లలున్నారో సార్ కంటే ఆమెకే బాగా తెలుసు. తొమ్మిదిమంది. తనకల్లు మండలంలో మారుమూలనున్న ఆ ఊరి బడిలో పన్నెండేళ్లుగా పొయ్యి వెలిగిస్తున్న మనిషి. ఎవరికి పప్పు నచ్చదో, ఎవరు గుడ్డులో పచ్చసొన తీసి పారేస్తారో అన్నీ ఆమెకు నోటికే వచ్చు.

సోమవారానికి పదిమంది కాకపోతే ఈ బడిని వాగూవంకా దాటి అవతలున్న పెద్దబడిలో కలిపేస్తారని రాఘవేంద్ర సార్ చెప్పినప్పటి నుంచి తిమ్మమ్మకు తిండి సయించడం లేదు. చిన్నపిల్లలు అంత దూరం నడవాలట, ఆమె పొయ్యి ఆరిపోవాలట. ఇదెక్కడి న్యాయం?

ఆదివారం పొద్దున్నే కొంగు బిగించి, ఊరి చివర గొర్రెల బసప్ప ఇంటికి పోయింది. వాకిట్లో ముందరి పళ్లూడిన బక్కపిల్ల ఒకతె చంకలో గొర్రెకూనతో నిలబడి ఉంది. బసప్ప కూతురు.

"ఏమప్పా బసప్పా, పాపను బళ్లో ఎయ్యవా?" అంది తిమ్మమ్మ.

"యాడక్కా! దానికింకా నాలుగేండ్లే. రెండేండ్లు పోనీలే."

పెద్ద గొర్రెలు మేతకు పోతే ఇంటికాడ కూనలకు కాపలా కావాలి కదా! తిమ్మమ్మకు సంగతి అర్థమైంది. పాప గడ్డం పట్టుకుని, "నీ పేరేం తల్లీ?" అనడిగింది.

"గంగమ్మ."

బసప్ప నాలుక కరుచుకున్నాడు. తిమ్మమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. చెరువు నిండి, అలుగు పారి, మరవ మీద నీళ్లు దూకిన ఏడాది పుట్టిన బిడ్డలందరికీ ఆ ఊళ్లో గంగ పేరే పెడతారు. పదిహేనేళ్లలో చెరువు నిండింది ఒక్కసారే, అదీ ఏడేళ్ల కింద.

"అబద్ధం చెప్పేవాడివి పేరన్నా మార్చి పెట్టింటే పోయేది గదప్పా! రెండో తరగతిలో గంగాధర, గంగరాజు, గంగాదేవి ఉండారు. అంతా దీని ఈడోళ్లే."

"మరి కూనల్ని ఎవరు చూస్తారక్కా?" అన్నాడు బసప్ప, మెత్తబడుతూ.

"నా వంటగది పక్కన కట్టేసి పో. ఆకు నేనేస్తా."

సోమవారం సార్ హాజరు పిలుస్తూ "గంగ..." అనేలోగానే నలుగురు లేచారు. బయట రెండు కూనలు కూడా అరిచాయి. సార్ నవ్వుకుంటూ పది అని వేసుకున్నాడు.

మధ్యాహ్నం పదో గుడ్డును తిమ్మమ్మే ఒలిచి గంగమ్మ పళ్లెంలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు గూడా ఉంటాదా?" అంది.

"ఉంటాది తల్లీ. నువ్వొచ్చినావు గదా, బడీ ఉంటాది, గుడ్డూ ఉంటాది."