నాకు రాని జ్వరం

ఈ మాట మోస్తూ మోస్తూ ముసలివాడినయ్యాను. ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

పిల్లల్ని పొట్టన పెట్టుకునే ఒక జ్వరానికి టీకా కనిపెట్టినవాడిని నేను. పేరెందుకు లెండి. నారాయణగూడలో ఏ సభకు పిలిచినా, శాలువా కప్పే ముందు ఒక మాట తప్పకుండా చెబుతారు. ఆ టీకాను మొట్టమొదట తన చేతికే వేయించుకున్న మహానుభావుడట నేను! చప్పట్లు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాను. ఎందుకంటే అప్పుడు నేను వేయించుకోలేదు. వేయించుకున్నట్టు నటించాను.

అప్పటికి జంతువుల మీద పరీక్షలన్నీ ముగిసి, మనుషులకు వేసి చూడటానికి అనుమతి వచ్చింది. చిక్కడపల్లిలో ఒక చిన్న క్లినిక్‌లో, చుట్టుపక్కల బస్తీల పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఇది కొత్త టీకా, ఇష్టమైతేనే వేయించుకోండి అని వివరించాను. వాళ్లలో బాలమ్మ ఉంది. పాలమూరు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్లకు ఇసుక మోసే మనిషి. నా ఈడుదే. అందరూ తలలూపుతుంటే ఆమె లేచి నిలబడింది.

"అంత మంచిగనే జెప్పిన్రు సారూ. గీ సూదితోని నాకేమన్నయితే నా పోరగాండ్ల గతేంది? మీరు ఏసుకున్నరా?"

"రేపు మీ అందరి ముందు నేనే మొదట వేయించుకుంటానమ్మా," అన్నాను.

ఎంత దర్జాగా అన్నానో! ఇల్లు చేరేసరికి భయం పట్టుకుంది. ప్రమాదం లేదని పదిమందికి పాఠం చెప్పినవాడిని నేనే. అయినా మా అమ్మాయి అప్పటికింకా బడికి కూడా వెళ్లని పిల్ల, నాకేమైనా అయితే దాని గతేమిటి అనిపించింది. బాలమ్మ అడిగిందీ అదే కదా? ఆమె అడిగితే అమాయకత్వం అనుకున్నాను. నాకు తోస్తే బాధ్యత అనుకున్నాను. ఛీ.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, ఒక సిరంజిలో ఉప్పునీళ్లు నింపి పెట్టాను. నర్సుకు తెలియదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, అందరూ చూస్తుండగా పొడిపించుకున్నాను. నవ్వాను కూడా.

"మీరే ఏసుకున్నంక నాకేం భయం సారూ," అంటూ బాలమ్మ చెయ్యి చాపింది. ఆమెను చూసి మిగతావాళ్లు వరస కట్టారు. వాళ్లకు ఇచ్చింది అసలు టీకాయే. నా చేతి కోసం భయపడ్డవాడిని, ఆ చేతుల కోసం ఎందుకు భయపడలేదు? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాను. జవాబు తెలియక కాదు. నోటితో అనలేక.

ఆ మరుసటి రోజు కొందరికి జ్వరం, చెయ్యి వాపు. మేం ముందే చెప్పినవే, రెండ్రోజుల్లో తగ్గిపోయేవే. మరి నాకు ఏమీ లేకపోతే ఎలా? నాకూ జ్వరమేనని క్లినిక్‌కి ఫోన్ చేసి ముసుగుతన్ని పడుకున్నాను. మా ఆవిడ పాపం హడావిడిగా మిరియాల చారు కాచింది. సిగ్గులేకుండా తాగాను.

సాయంత్రం బాలమ్మ వచ్చింది. సారుకు జ్వరమని నర్సు చెప్పిందట. కూలికి పోలేని రోజున, ఇల్లు కనుక్కుని, బత్తాయిలు కొనుక్కుని మరీ వచ్చింది. మా ఆవిడ లోపలికి రమ్మంటే మంచం దగ్గరికొచ్చి, జంకకుండా నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"సల్లగున్నది సారూ. జరం ఇడిసింది. ఇగ పరేషాన్ గాకుండ్రి."

ఆ చెయ్యి కాలిపోతోంది.

చెప్పాల్సింది అప్పుడే. కళ్లు మూసుకున్నాను. నిద్రపోయాననుకుని, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

ఆమెకు తగ్గింది. అందరికీ తగ్గింది. టీకా మంచిదే. వాళ్లంతా క్షేమంగా ఉన్నారని తేలాక నేనూ వేయించుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదుగా అని చాలా ఏళ్లు సరిపెట్టుకున్నాను. కానీ ఏమీ కాదని ఆ రోజు నాకు అంత నమ్మకమే ఉంటే, ఉప్పునీళ్లెందుకు?

అపార్ట్‌మెంట్ల పని అయిపోయాక బాలమ్మ వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. నేను వెతకలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

బాలమ్మా, నాకు జ్వరం రాలేదు. మొట్టమొదట వేయించుకున్నది నువ్వే.