చప్పట్లు కొట్టాల్సిన వల

ఇప్పుడు మాదాపూర్‌లో అద్దాల మేడల మధ్య ఆకాశం వెతుక్కోవాలి గానీ, తొంభైల చివర మేం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో అక్కడ ఉన్నవల్లా బండరాళ్లూ, దుమ్మూ, ఆ దుమ్ములో టై కట్టుకుని నడిచే మాలాంటి మహామేధావులూను. నా అంత తెలివైనవాడు ఆ కంపెనీలో మరొకడు లేడని నా గట్టి నమ్మకం. (అక్కడున్న నలభై మందికీ ఎవరి మీద వారికి అదే నమ్మకం ఉండేదని తర్వాత తెలిసింది.)

మా మేనేజరుగారిని చాటుగా ప్రాసెస్ మావయ్య అనేవాళ్లం. ఆయనకు దేనికైనా కాగితం మీద ఒక పద్ధతి ఉండాలి. టీకి వెళ్లడానికి పద్ధతి, తడిసిన గొడుగు ఆరబెట్టడానికి పద్ధతి. ఆ వేసవిలో మాతో పని చేయించుకునే ఇంగ్లండు కంపెనీ నుంచి ఒక దొరగారు దిగాడు. శనివారం వాళ్ల దేశపు ఫుట్‌బాల్ కప్పు ఫైనలనీ, తన ఊరి జట్టు ఇన్నాళ్లకు అక్కడిదాకా వచ్చిందనీ, తాను మాత్రం ఇక్కడ ఉండిపోయాననీ భోజనాల దగ్గర వాపోయాడట. అంతే, మావయ్యకు పూనకం వచ్చింది. ఆఫీసంతా కూర్చుని ఆట చూడాలి, దొరగారి జట్టు కోసం గొంతులు చించుకోవాలి. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. "సోమవారంతో నీ ప్రొబేషన్ అయిపోతోంది. శనివారం సవ్యంగా జరిగితే పర్మనెంట్ చేస్తూ లెటర్ ఇస్తాను. జరక్కపోతే నీకే తెలుసు," అన్నాడు, ఫైల్లోంచి తలెత్తకుండానే.

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. క్రికెట్ కాని ఆటను ఆటగా లెక్కపెట్టని జాతి మాది. కేబులతన్ని బతిమాలి నిరుటి ఫైనలు కేసెట్ సంపాదించి, ఆఫీసు కారు డ్రైవరన్న చేత టీవీ మోయించి, మీటింగ్ రూములో అందరికీ వేసి చూపించాను. సరిగ్గా సగం ఆట అయ్యేసరికి ఆటగాళ్లు మాయమై పెళ్లివారు ప్రత్యక్షమయ్యారు. కేబులతను మిగతా సగం మీద తన మరదలి పెళ్లి రికార్డు చేసుకున్నాడు. తలంబ్రాల దాకా చూసి లేచాం.

ఆ టీవీలో పచ్చికొక్కటే పచ్చగా కనిపించేది, తక్కిన రంగులన్నీ బూడిదే. వెనక వరసలో వాళ్లకు ఏ జట్టు ఏదో తెలిసే దారి లేదు. నా బుర్ర అక్కడే పాదరసంలా పనిచేసింది. ఆట మొదలవగానే దొరగారి జట్టు ఎటువైపు కొడుతోందో చూసి నేను చెయ్యెత్తి చూపిస్తాను. ఆ వైపు వలలో బంతి పడితే లేచి చప్పట్లు, రెండో వైపు పడితే "అయ్యో". దీన్ని టైపు చేసి నలభై కాపీలు తీసి పంచాను. మావయ్య దాని మీద సంతకం పెట్టాడు, కళ్లు చెమర్చాయి కూడాను.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న డ్రైవరన్న నన్ను పక్కకు పిలిచాడు. చిన్నప్పుడు వాళ్ల బస్తీ జట్టుకు గోల్‌కీపరట. "సగం ఆట అయినంక సైడ్లు మారుతరు సార్. జర సూస్కోండ్రి," అన్నాడు. నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని. నాకు ఆయన చెప్పడమా? "నువ్వు బండి సంగతి చూసుకో అన్నా," అన్నాను. ఆ అనడంలో ఎంత ఈసడింపు ఉందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

శనివారం సాయంత్రం దొరగారు మెడకు తన జట్టు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. (హైదరాబాదు ఎండాకాలంలో ఉన్ని మఫ్లరు!) ఆట మొదలవగానే నేను టీవీకి వీపు పెట్టి జనం వైపు తిరిగి కుడిచెయ్యెత్తి నిలబడ్డాను. మొదటి సగంలో ఎవరూ గోలు కొట్టలేదు. విశ్రాంతిలో సమోసాలు పంచి, మళ్లీ వచ్చి అదే చెయ్యెత్తాను. కాసేపటికి బంతి ఆ వైపు వలలో పడింది. నలభై మందీ ఒక్కసారిగా లేచారు. చప్పట్లు, ఈలలు, ఎవడో బల్ల మీద దరువు. మావయ్య పరుగున వెళ్లి, నోరు తెరిచి చూస్తున్న దొరగారి నోట్లో లడ్డూ పెట్టాడు. ఆ పెద్దమనిషి దాన్ని నమలనూ లేదు, ఉమ్మనూ లేదు. ఆట ముగిసేలోగా ఆయన జట్టు మరో గోలు తిన్నది, మేం చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టాం. కప్పు అవతలివాళ్లు ఎత్తుకుంటుంటే గానీ మావయ్యకు అనుమానం రాలేదు. అప్పుడు నా వైపు ఒక చూపు చూశాడు. నా లెటర్ ఆ చూపులోనే కాలిపోయింది.

దొరగారిని హోటల్లో దింపి రావడం కూడా నా పనే. ఆఫీసు కారులో ఆయన నెమ్మదిగా అడిగాడు, తామేం తప్పు చేశామని మేం అంత సంబరపడ్డామని. తప్పు నాదంటే సోమవారం ఉద్యోగం ఉండదు. "సైడ్లు మారతాయని మాకు ఎవరూ చెప్పలేదు సర్," అన్నాను ఇంగ్లీషులో. ఆయనకు సంగతి వెలిగింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ హోటలొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఓటమి రాత్రి ఇంతగా నవ్వుతాననుకోలేదనీ, మీ మేనేజరుకు ఆ మాట చెబుతాననీ నా భుజం తట్టి దిగిపోయాడు. నా ప్రాణం లేచొచ్చింది.

తిరిగొస్తుంటే డ్రైవరన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "ఎవరూ చెప్పలేదంటిరి గద సార్ ఆయనతోని. మరి నేనెవర్ని?"

ఆయనకు ఇంగ్లీషు అర్థమవుతుందని కూడా నాకు అప్పటిదాకా తోచలేదు. క్షమించమన్నానా అంటే, లేదు. కిటికీకి తల ఆనించి నిద్ర నటించాను. సోమవారం లెటర్ వచ్చింది. నేను స్వీట్లు పంచితే ఆయన ఒకటి తీసుకుని "ముబారక్ సార్" అన్నాడు, మనస్ఫూర్తిగానే. ఆ తర్వాత మూడు నెలలకు ఆయన మానేశాడు, ఎక్కడున్నాడో తెలియదు.

ఆ రోజు కారులో కూర్చున్న కుర్రాడు ఇప్పుడు దొరికితే చెవి మెలిపెట్టి, ముందు ఆయనకు క్షమాపణ చెప్పి రారా అని పంపుదును. వెళ్తాడని మాత్రం ఆశ లేదు. వాడెప్పుడు ఎవరి మాట విన్నాడు గనక, నా మాట వినడానికి.