చెల్లెలి నెత్తురుచుక్క

“నా నెత్తుర్ల ఏ రోగం లేదు! ఉంటె దాని తల్లిగారింట్ల ఉంటది!”

“అరె పోచన్నా, జర ఇను. గీ బిమారి తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండు దిక్కుల నుంచి వస్తేనే పిల్లకు గిట్లయితది. వేలు ఇయ్యి, సూదిపోటంత పని.”

“నీదే పొడ్సుకో!”

దవాఖానలో నెత్తురు పరీక్షించే ఇనాయతుల్లాతో మొగుడు తగవు పడుతుంటే, రాజుబాయి వరండా స్తంభానికి ఆనుకుని, ఒళ్లో పిల్ల వాచిన మణికట్లు నిమురుతూ కూర్చుంది. ఆదిలాబాదు అడవి ఊళ్ల నుంచి ఇలాంటి తల్లులు రోజూ వస్తారు. తునికాకు కోసి నల్లబడిన వేళ్లు, పెదవుల మీదికి లాక్కున్న కొంగు. ఏమడిగినా ముందు మొగుడి మొహం చూస్తుంది. రక్తకణాలు కొడవళ్లలా వంగిపోయే ఈ జబ్బుతోనే నిరుడు కొడుకు పోయాడు. తప్పంతా ఆమె కడుపుదేనని ఊరు తేల్చింది, ఆమె కూడా నమ్మింది.

తన వేలు ఇవ్వని పోచన్నకు రాత్రికి రాత్రే పరీక్ష మీద నమ్మకం కుదిరింది. మర్నాడు మరదలు గంగుబాయిని వెంటబెట్టుకొచ్చాడు. పెళ్లానికి పుట్టిన పిల్లలు దక్కకపోతే ఆమె చెల్లెల్ని చేసుకోవడం వాళ్లలో ఆనవాయితీ.

“దీని నెత్తురు సూడు. మంచిగుంటె మాఘమాసంల లగ్గం.”

గంగు బెదురుతూ వేలు చాపింది. సూక్ష్మదర్శిని కింద గాజుపలక మీది చుక్కలో కణాలన్నీ గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. ఇనాయతుల్లా తల ఎత్తేసరికి, పోచన్న బీడీ కాల్చడానికి బయటికి పోయాడు, గుమ్మంలో రాజుబాయి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం లేదు.

“మంచిగున్నదా సాబ్?”

అతను తలూపాడు.

“బాంచెన్, నీ కాల్మొక్త. దానికి గూడ గీ రోగమే ఉన్నదని చెప్పు.”