అలిగిన అల్లుడి చేతిలో డొమైన్

గొడుగులు బాగుచేసే ఆవిడను వీధివాళ్లంతా గొడుగుల పెద్దమ్మ అంటారు. ఆవిడ ఊచలు బిగించిన గొడుగు తుపానుకైనా వంగదు. ఒకసారి దాన్ని పట్టుకున్న మనిషి గాలికి ఎగిరిపోయాడట గానీ, గొడుగు మాత్రం ఉన్నచోటే నిలబడిందట.

ఇప్పుడు ఆవిడకు సగం పని వెబ్‌సైట్ నుంచే వస్తోంది. దాని డొమైన్‌ను, అంటే ఇంటర్నెట్‌లో దుకాణం చిరునామాను, మొదట్లో అల్లుడే తన పేరున, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. ఆ తర్వాత పేకాటలో అత్తగారు తొండి ఆడిందని అలిగి మాటలు మానేశాడు. ఇంతలో డొమైన్ గడువు దగ్గరపడింది. పొడిగించకపోతే కొన్నాళ్లకు ఆ పేరును ఎవరైనా కొనేసుకోవచ్చు.

“పోనీ, కొత్త పేరు పెట్టుకోవే అమ్మా,” అంది కూతురు.

“జనం నోట్లో నానిన పేరు వదులుకుంటానా? పద మీ ఇంటికి.”

కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, అల్లుడి కంప్యూటర్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అల్లుడుగారూ, అలక మీ ఇష్టం. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఆ గడువు పొడిగించండి చాలు.”

అల్లుడు గోడకేసి చూస్తూ భార్యతో అన్నాడు. “నిన్ననే ఐదేళ్లకు పొడిగించానని మీ అమ్మకు చెప్పు.”

పెద్దమ్మ మెత్తబడింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

“చల్లగా ఉండండి బాబూ. ఇక ఆ డొమైన్‌ను నా పేరుకు, నా ఈమెయిల్‌కు మార్చేయండి. రేపు మళ్లీ పేకాటకు కూర్చుంటాం. మీరు అలగడం మానరు, నేను తొండి మానలేను.”

అల్లుడు నవ్వు ఆపుకోలేక మౌస్ అందుకున్నాడు.